ఉంటానన్న మాట

పోయిన వారం మన ఇంటర్నమ్మాయిని మెట్ల మీద వదిలేసి వచ్చాం. కింద జిరాక్సు షాపు, రెండో అంతస్తులో ఫ్యామిలీ కౌన్సెలింగ్ సెంటరు, మధ్యలో లైటు వెలగని మెట్లు. డిగ్రీ చేతికి రావాలంటే అరవై రోజులు ఇలాంటి చోట పని నేర్చుకోవాలి, రోజుకొక సంతకం చేయించుకోవాలి. మొదటి రోజు పొద్దున్నే రికార్డు గది బాబాయి "ఇంటర్న్" అనే మాటకీ "అమ్మాయి"కీ సంధి కలిపేశాడు. అప్పటినుంచీ సెంటర్లో అందరికీ ఆమె ఇంటర్నమ్మాయే.

శుక్రవారం సాయంత్రం ఆమె ఒక లిఫ్టు మెకానిక్కుకి ఫోను చేసింది. ఎనిమిది నెలల క్రితం భార్యతో మాటా మాటా పెరిగి, ఇల్లు వదిలేసి, కంపెనీ గోడౌను వెనక గదిలో ఉంటున్న మనిషి. "మీరు ఇంటికి తిరిగొచ్చి అక్కడే ఉంటారా, ఉండరా? మేడమ్ తెలుసుకోమన్నారండీ" అని అడిగింది. అవతల కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత "సరేనమ్మా, ఉంటాను" అని వినిపించింది, ఫోను ఆగిపోయింది. ఇంటర్నమ్మాయి ఆ మాటని కాగితం మీద పెట్టి, బ్యాగు తగిలించుకుని మెట్లు దిగుతుంటే ఆ మెకానిక్కు భార్యే ఎదురొచ్చింది. గురువారం ఎన్నింటికి రావాలో కనుక్కోవడానికి వచ్చిన మనిషి, "ఫోను చేశారామ్మా? ఏమన్నారు?" అని అడిగింది. "ఉంటానన్నారక్కా" అంది మన అమ్మాయి, మొహమంతా నవ్వు చేసుకుని.

చదివినవాళ్ళలో చురుకైనవాళ్ళు అప్పుడే నాలుక కరుచుకుని ఉంటారు. ఇంటర్నమ్మాయికి మాత్రం ఆరు రోజులు పట్టింది.

ఆ ఒక్క మాటతో ఆమె సెంటరు నియమాలు రెండు తప్పింది. ఒకటి, ఇక్కడికి వచ్చేవాళ్ళెవరూ మనకి అక్కలూ అన్నలూ కారు. రెండు, ఒకరి మాట ఇంకొకరికి మోయకూడదు. మొగుడి మాట పెళ్ళానికైనా సరే, గదిలో కూర్చుని వాళ్ళకి వాళ్ళే చెప్పుకోవాలి. మొదటి వారంలోనే కౌన్సెలర్ మేడమ్ ఈ రెండూ చెబితే ఇంటర్నమ్మాయి డైరీలో రాసుకుంది, కింద గీత కూడా గీసుకుంది. కానీ మంచి వార్త నోట్లో నిలవదు. ఇరవై ఏళ్ళ నోట్లో అసలే నిలవదు.

పైగా ఆ ఇల్లు నిలబెట్టిన పుణ్యం తనదేనని ఆమెకి లోలోపల ఒక చిన్న గర్వం కూడా కలిగింది. వారమంతా అడుగు నేల మీద ఆనలేదు. శనివారం ఆ ఇంట్లో ఏం జరిగిందో ఆమెకి తెలియదు, అందుకని హాయిగా నిద్రపోయింది.

గురువారం మూడు గంటలకి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. సెషన్ గదిలో మూడు కుర్చీలూ ఒకే ఎత్తు, ఎవరూ ఎవరికంటే పైన కూర్చున్నట్టు ఉండకూడదని. గడియారం మాత్రం మేడమ్‌కి ఒక్కరికే కనబడేలా అవతలి గోడకి ఉంటుంది. తలుపు పక్కన స్టూలు మీద ఇంటర్నమ్మాయి, ఒళ్ళో ప్యాడు. ఆమె పని రాయడం, నోరు విప్పకపోవడం.

భార్య కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. పన్నెండేళ్ళుగా అద్దాలు అరగదీస్తూ, ఫ్రేముల్లో బిగిస్తూ, వచ్చినవాళ్ళ కళ్ళ కొలతలు చూస్తూ ఆ షాపుకి పెద్దదిక్కయిపోయింది. సెంటర్లో ఆమెని అద్దాలావిడ అంటారు. ఆ రోజు ఆవిడ తల దువ్వుకున్న తీరులోనే ఏదో ఉంది. పెళ్ళిచూపులకి వచ్చినట్టు కాదు గానీ, ఇంటికి చుట్టం వస్తున్నాడంటే సర్దుకున్నట్టు ఉంది. భర్త పనిలోంచి నేరుగా వచ్చాడు. గోళ్ళ సందుల్లో గ్రీజు, కాళ్ళ దగ్గర పనిముట్ల సంచి.

"పోయిన వారం తర్వాత ఏమైందో ఎవరైనా మొదలుపెట్టండి" అన్నారు మేడమ్.

"పెట్టె ఎప్పుడు తెచ్చుకుంటారో ఆయన్ని అడగండి" అంది అద్దాలావిడ.

"ఆయన పక్కనే ఉన్నారు. మీరే అడగండి."

ఆవిడ కొంచెం ఇబ్బంది పడి, అతని మోకాళ్ళ వైపు చూస్తూ అడిగింది. "మీ పెట్టె ఎప్పుడు తెచ్చుకుంటారు?"

"ఏ పెట్టె?"

"బట్టల పెట్టె. బీరువాలో కింది అర ఖాళీ చేసి ఉంచాం. పాపే చేసింది. దాని బొమ్మలన్నీ మంచం కిందకి తోసేసింది."

"ఎందుకు?" అన్నాడు.

అతని గొంతులో వెటకారం ఉంటే బాగుండేది. లేదు. నిజంగానే ఎందుకో తెలియక అడిగాడు.

"అదేంటి, ఉంటానన్నారు కదా."

"ఎవరు?"

"మీరే."

"నేనెప్పుడన్నాను?"

ఇంటర్నమ్మాయి కలం ఆగింది. ఏదో పొరపాటు జరిగిందని తెలిసింది గానీ అది ఎవరిదో ఇంకా తెలియలేదు. ఈయన మాట మార్చేస్తున్నాడు అనుకుంది, అలా అనుకోవడం ఆమెకి సులువు కాబట్టి. మేడమ్ ఫైలు తెరిచి శుక్రవారం కాగితం తీశారు.

సెంటర్లో దాన్ని మూడు అ-ల కాగితం అంటారు. ఫోను చేసిన ప్రతిసారీ మూడు గళ్ళు నింపాలి. అడిగింది, అన్నది, అర్థమైంది. రెండో గడిలో అవతలి మనిషి నోటి నుంచి వచ్చిన మాట అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. మూడో గడిలో మనకి తోచింది రాయవచ్చు. మేడమ్ ఆ మూడూ పైకి చదివారు.

"అడిగింది, ఇంటికి తిరిగొచ్చి ఉంటారా, ఉండరా అని. అన్నది, 'సరేనమ్మా, ఉంటాను.' అర్థమైంది, ఇంట్లో ఉండడానికి ఒప్పుకున్నారు."

భర్త నుదురు రుద్దుకున్నాడు. గ్రీజు మరక నుదుటికి అంటింది.

"ఆ ఫోనా. అప్పుడు నేను లిఫ్టు డబ్బా మీద నిలబడి ఉన్నానండి, ఆరో అంతస్తు దగ్గర. ఒక చేత్తో తాడు పట్టుకుని ఇంకో చేత్తో ఫోను ఎత్తాను. ఉంటాను అన్నమాట నిజమే." ఆగి, భార్య వైపు కాకుండా మేడమ్ వైపు చూశాడు. "ఫోను పెట్టేసేటప్పుడు అంటాం కదండీ. ఉంటాను మరి, అని. అదండీ."

గదిలో ఉన్న ఆ నలుగురూ రోజుకి పదిసార్లు ఆ మాట అనేవాళ్ళే. వెళ్ళేటప్పుడు వస్తానంటాం, ఫోను పెట్టేసేటప్పుడు ఉంటానంటాం. వెళ్ళిపోతున్నానని మొహం మీద చెప్పడం మనకి బాగుండదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ మర్యాద తెలిసిన అమ్మాయికి, ఆ శుక్రవారం సాయంత్రం మాత్రం అది తట్టలేదు. తన ప్రశ్నలో ఉన్న మాటే తిరిగొచ్చేసరికి జవాబనుకుంది. జవాబు అలా ఉండాలని అప్పటికే కోరుకుని కూర్చుంది మరి. రెండో గడిలో అక్షరం పొల్లు పోలేదు. మూడో గడిలో ఒక కాపురం పోయింది.

ఇంటర్నమ్మాయికి తల ఎత్తాలంటే సిగ్గేసింది.

"నేను ఓనరుగారికి చెప్పేశాను" అంది అద్దాలావిడ, చాలా మామూలుగా.

"ఏమని?"

"కొత్త షాపుకి వెళ్ళనని. మొన్న శనివారమే చెప్పేశాను."

ఆ కొత్త షాపు సంగతి సెంటర్లో అందరికీ తెలుసు. నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఇంకో ఊళ్ళో ఓనరు రెండో షాపు తెరుస్తున్నాడు. దాని బాధ్యతంతా ఈవిడనే చూసుకోమన్నాడు. తాళాలు ఆవిడ చేతిలో, మనుషుల్ని పెట్టుకోవడం ఆవిడ ఇష్టం, కళ్ళ పరీక్ష గదికి ఆవిడే పెద్ద. ఏదో ఒకటి చెప్పడానికి ఎల్లుండి శనివారం దాకా గడువిచ్చాడు. భర్త ఇంటికొస్తే ఉండిపోవాలనీ, రాకపోతే పాపని తీసుకుని వెళ్ళిపోవాలనీ ఆవిడ అనుకుంది. ఈ గురువారానికల్లా సంగతి తేలాలని, శుక్రవారమే ఫోను చేయమని మేడమ్ అంత తొందర పెట్టింది కూడా అందుకే.

భర్త కుర్చీలో ముందుకి జరిగాడు. "ఎందుకు చెప్పావు? పన్నెండేళ్ళు ఆ అద్దాల ముందు కూర్చున్నావు. నువ్వు వెళ్తావనే అనుకున్నాను నేను."

"మీరుంటారని."

"నన్ను ఒక్క మాట అడగాల్సింది."

"ఎప్పుడడిగితే చెప్పారు?" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "అడిగితే చెప్పరనే కదా ఇక్కడికొచ్చింది. ఎనిమిది నెలల్లో ఆదివారం ఆదివారం పాపని చూడ్డానికొస్తారు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి వెళ్ళిపోతారు. మంచినీళ్ళు కావాలా అంటే కూడా తల ఊపుతారు గానీ నోరు తెరవరు. మొన్న ఆదివారం అదీ రాలేదు, పనుందేమో అనుకున్నాను. అలాంటి మనిషి ఉంటానని నోటితో అన్నాడంటే, ఇంకేం అడుగుతానండీ?"

అతను పనిముట్ల సంచి పట్టీని మెలితిప్పుతూ కూర్చున్నాడు.

ఇంటర్నమ్మాయికి రాయాలని గుర్తొచ్చింది. ప్యాడు మీదకి వంగి, చెప్పులు విప్పకుండా అని రాసింది. అక్షరాలు వంకర పోయాయి.

"ఇంకో మాట చెప్పాలండీ" అంది అద్దాలావిడ మేడమ్‌తో. "ఆ మాట విన్నప్పుడు నాకు సంతోషం కలగలేదు. కలగాలి కదా, ఎందుకు కలగట్లేదా అని ఇంటికెళ్ళేదాకా ఆలోచించాను. కొత్త షాపులో పరీక్ష గది కిటికీకి పరదా ఏ రంగు వేయాలో కూడా అనుకున్నాను నేను. ముదురుగా ఉండాలి, వెలుగు లోపలికి రాకూడదు. ఆ రాత్రి అదంతా మనసులో మడిచి పెట్టేశాను. ఆయనొస్తానంటే నేను పోతాననడం న్యాయం కాదు కదా అనుకుని, పొద్దున్నే ఓనరుగారికి వద్దని చెప్పాను. చెప్పి వెనక గదిలోకెళ్ళి ఏడ్చాను. ఆయనొస్తున్నందుకు ఏడ్చిన పెళ్ళాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను."

చివరి మాటకి ఆవిడకే చిన్న నవ్వొచ్చింది. ఎవరూ నవ్వకపోతే ఆవిడా మానేసింది.

తర్వాత భర్త అన్న మాట ఇంటర్నమ్మాయి అక్షరం పొల్లు పోకుండా రాసింది. "ఆ అమ్మాయి అడిగింది నాకు వినబడకపోలేదండీ. బాగానే వినబడింది. ఏం చెప్పాలో తెలియలేదు. రానంటే పాప మొహం కనబడుతోంది, వస్తానంటే మళ్ళీ ఆ గొడవలే కనబడుతున్నాయి. జవాబు లేక ఫోను పెట్టేశాను. వస్తాననో రాననో తిన్నగా ఒక మాట చెప్పుంటే దీని కొత్త షాపు పోయేది కాదు. నా నోరే నా శత్రువు."

మేడమ్ కాగితం ఫైల్లో పెట్టి మూసి, అద్దాలావిడ వైపు తిరిగారు. "ఫోను చేసింది మేము. ఇవాళే మీ ఇద్దరికీ కలిపి చెప్పాల్సింది. మీకు శుక్రవారమే ఎలా తెలిసింది?"

ఇంటర్నమ్మాయికి ఇంకా ఇరవై రెండు సంతకాలు రావాలి. ఈ మాట బయటపడితే అరవై రోజులూ బూడిదలో పోసినట్టే, మళ్ళీ ఏడాది ఆగాలి. నేనే చెప్పానండీ అనడానికి రెండే మాటలు కావాలి. ఆ రెండూ నాలుక చివరిదాకా వచ్చి అక్కడే కూర్చున్నాయి.

అద్దాలావిడ తలుపు వైపు ఒక్కసారి చూసింది. స్టూలు మీద ఒదిగి కూర్చున్న పిల్లని చూసి చూపు తిప్పుకుంది.

"అలా తెలిసిందిలెండి" అంది.

ఇంటర్నమ్మాయి తల వంచుకుని, అలా తెలిసింది అని రాసుకుంది.

నాలుగింటికి సెషన్ అయిపోయింది. పాడైనదాన్ని ఇవాళ ఒక్కరోజులో బాగుచేయలేమనీ, వచ్చే గురువారం మళ్ళీ కూర్చుందామనీ మేడమ్ చెప్పారు. భర్త సంచి భుజాన వేసుకుని ముందు లేచాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం వెనక్కి తిరిగి, ఏదో అనబోయి, మెట్ల చీకట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి అద్దాలావిడ లేచింది. స్టూలు దగ్గర ఆగింది.

"నీకింకా ఎన్ని రోజులున్నాయమ్మా ఇక్కడ?"

"ఇరవై రెండండీ."

"పూర్తి చేసుకో" అంది, భుజం మీద చెయ్యి వేసి. "చదువు మధ్యలో ఆపకూడదు."

తిట్టి ఉంటే ఇంటర్నమ్మాయి తట్టుకునేది. ఆవిడ చెయ్యి తీసేశాక కూడా ఆ భుజం అలాగే బరువుగా ఉండిపోయింది. తన నోటి తొందర వల్ల కొత్త షాపుని పోగొట్టుకున్న మనిషి, తన సంతకాల గురించి ఆలోచిస్తోంది. ఆ సంతకాల కోసమే తను నోరు మూసుకుంది. ఫోను మాట తప్పుగా వినడం పొరపాటు. ఇవాళ స్టూలు మీద కూర్చుని చేసింది పొరపాటు కాదు, దానికి ఇంకో పేరుంది. ఆ పేరు ఆమెకి తెలుసు.

రికార్డు గదిలో బాబాయి ఫైలు కట్టుకి తాడు ముడి వేస్తున్నాడు. గోడకి అవతలే సెషన్ గది. ఆయనకి చెవులు మహా చురుకు.

"దానికింత మొహం వేలాడేసుకుంటారా ఇంటర్నమ్మాయిగారూ" అన్నాడు గొంతు తగ్గించి. "మూడో గడిలో 'ఒప్పుకున్నారు' తర్వాత చిన్న ప్రశ్న గుర్తు పెట్టెయ్. ఒప్పుకున్నారో లేదో అని నువ్వే అనుమానపడ్డట్టు ఉంటుంది. రేపు కాలేజీవాళ్ళొచ్చినా చూసేది కాగితమే గానీ మన మొహాలు కాదు. నలభై ఫైళ్ళలో నలభై ప్రశ్న గుర్తులు నేను చూశాను."

ఆయన మంచికే చెప్పాడు. ఫైలు బల్ల మీదే ఉంది, కలం ఆమె చేతిలోనే ఉంది. ఒక్క వంపు, కింద ఒక చుక్క. తను రాసిన ఆ వాక్యాన్ని ఇంకోసారి చదువుకుంది. అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి. ఆ సాయంత్రం ఎంత సంబరంగా రాసిందో ఆ గుండ్రదనంలోనే కనబడుతోంది.

ఫైలు చేతిలో పట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్ళింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆవిడకి చెప్పింది నేనేనండీ. శుక్రవారం మెట్ల మీద. అక్కా అని కూడా పిలిచాను. ఇందాక మీరు అడిగినప్పుడు చెప్పాల్సింది. భయమేసింది."

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ కళ్ళజోడు బిగించింది కూడా అద్దాలావిడే. ఊళ్ళో సగం మంది ముక్కుల మీద ఆవిడ పనే ఉంటుంది.

"నాకు తెలుసు" అన్నారు. "నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నాను. ఒక రకంగా నీకంటే పెద్ద తప్పు నాది. శుక్రవారం రాత్రి ఇంటికెళ్ళేముందు ఆ కాగితం చదివాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది. ఉంటాను అంటే ఏ ఉంటానో అని ఒక్కసారి వెనక్కి ఫోను చేసి అడగాల్సింది. అడగలేదు. చదవడానికి బాగుంది కదా అని నమ్మేశాను. చక్కగా అతికినట్టు కనబడే మాటనే రెండోసారి అడగాలి. ఇది నీకు నేర్పాల్సిన నేనే మర్చిపోయాను."

ఇంటర్నమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "నేను ఆ షాపు ఓనరుగారి దగ్గరికి వెళ్తానండీ. తప్పు నాదని చెబుతాను. ఆవిడకి ఆ పని ఇవ్వమని అడుగుతాను."

"చూశావా" అన్నారు మేడమ్, కోపం లేకుండా. "మళ్ళీ మోస్తానంటున్నావు. ఆవిడ అడగమందా? ఆవిడకి అడగాలని ఉందో లేదో నీకు తెలుసా? ఆవిడ నోరు ఆవిడకి ఉంది. మనం చేయాల్సింది అడ్డు తొలగడం."

ఆ తర్వాత మేడమ్ చెప్పింది కాగితం కిందే, తన చేతి రాతతో, జరిగింది జరిగినట్టు రాసి తేదీ వేయమని. శుక్రవారం మెట్ల మీద చెప్పిన మాటా, గురువారం చెప్పని మాటా రెండూ రాయమన్నారు. రేపట్నుంచి సెషన్ గదిలోకి రావద్దన్నారు, బాబాయి దగ్గర ఫైళ్ళు సర్దమన్నారు. సంతకాల సంగతి కాలేజీతో మాట్లాడాకే అన్నారు. ఇంటర్నమ్మాయి అన్నిటికీ తల ఊపింది. తేలిక పడుతుందనుకుంది గానీ ఏమీ తేలిక పడలేదు. నిజం చెప్పినందువల్ల అద్దాలావిడకి ఒరిగిందేమీ లేదు. కొత్త షాపు తాళాలు పోయిన శనివారమే చేజారిపోయాయి.

ప్యాడు తెచ్చుకోవడానికి చివరిసారి సెషన్ గదిలోకి వెళ్తే, అద్దాలావిడ కూర్చున్న కుర్చీలో ఫోను గుర్రుమంటోంది. మర్చిపోయి వెళ్ళినట్టుంది. తెర మీద "షాపు ఓనరు" అని ఉంది.

చెయ్యి దానంతట అదే ముందుకెళ్ళింది. ఎత్తి, ఆవిడ వస్తారండీ, ఆ పని ఆవిడకే ఉంచండి అనాలనిపించింది. ఒక్క మాట చాలు అంతా సరిపోతుందనిపించింది. పోయిన శుక్రవారం కూడా అచ్చం ఇలాగే అనిపించింది ఆమెకి. ఎత్తలేదు. మోగుతున్న ఫోనుని అలాగే పట్టుకుని మెట్లు రెండేసి చొప్పున దిగి రోడ్డు మీద పడింది.

అద్దాలావిడ బస్టాపులో ఉంది. పక్కన స్కూలు బ్యాగుతో పాప. చుట్టుపక్కలెక్కడా లిఫ్టు మెకానిక్కు జాడ లేదు.

"మీ ఫోనండీ" అంది ఇంటర్నమ్మాయి. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

అప్పటికి ఫోను ఆగిపోయింది. ఆవిడ తెర చూసుకుని పెదవి కొరుక్కుంది. అందుకుని బ్యాగులో వేసుకుంటుంటే మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తింది.

"ఆఁ, చెప్పండి సార్... లేదండీ, బయటున్నాను... ఆవిడ రానందా... ఆఁ... ఆఁ..."

ఆవిడ మొహంలోకి రంగొచ్చింది.  ఆ రంగు ఎంతోసేపు నిలవలేదు. ఆవిడ ఫోను చెవి దగ్గర్నుంచి తీసి అరచేత్తో మూసింది.

"కొత్త షాపుకి నా బదులు కుదిరిన మనిషి రానందట. వెళ్తావా అంటున్నారు" అంది. "కాకపోతే ఒకసారి వెళ్ళనని, ఒకసారి వెళ్తానని అంటే కుదరదట. రేపు పది గంటలకి మా ఆయన్ని తీసుకుని రావాలట. తనకేమీ అభ్యంతరం లేదని ఆయన నోటితో ఆయన చెబితే అప్పుడు తాళాలిస్తారట."

పాప ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. అద్దాలావిడ ఇంటర్నమ్మాయి కళ్ళలోకి చూసింది.

"ఏం చెప్పమంటావు?"

ఇంటర్నమ్మాయికి బోలెడు సమాధానాలు తోచాయి. నేనెళ్ళి ఆయన్ని బతిమాలతానండీ. ఆయన కాదనరండీ, ఇవాళ నేను విన్నాను కదా. సరేనని చెప్పేయండి, రేపటి సంగతి రేపు చూద్దాం. ఒక్కొక్కటీ నోటిదాకా వచ్చింది. నోరు గట్టిగా మూసుకుంది.

"నేను చెప్పకూడదండీ" అంది చివరికి. చెబుతుంటే ఏడుపొచ్చింది.

"అవును" అంది అద్దాలావిడ నెమ్మదిగా. "నువ్వు చెప్పకూడదు."

ఫోను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది. గొంతు సవరించుకుంది.

"సార్, పన్నెండేళ్ళుగా మీ షాపు నేను తెరుస్తున్నాను, నేను మూస్తున్నాను. దానికి ఆయన్నెప్పుడూ పిలవలేదు మీరు. శనివారం ఆయన మాట మీద ఆగిపోయాను, అది నా తప్పు. వెళ్ళడం కూడా ఆయన మాట మీదే అంటే నా వల్ల కాదు. రేపు పదింటికి నేనొక్కదాన్నే వచ్చి కలుస్తాను. తాళాలు నా చేతికిస్తారా, లేదా?"

బస్సు వచ్చి ఆగింది. పాప తల్లి కొంగు లాగింది. అద్దాలావిడ కదల్లేదు, ఫోను చెవికి నొక్కి పట్టుకుని నిలబడింది. అవతల లైను తెగలేదు. ఓనరు మాట్లాడటమూ లేదు.